సముద్రతీరమున బీమా – మన లెక్క

(బరంపురములో మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బీమా గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, అంగడిలో కూర్చుండి చిట్టా ఆవర్జాలు వ్రాయుటయే నేర్చినవాడను. అయినను నష్టపడినవాడు లెక్క బాగుగ నేర్చుకొనును. ఆ లెక్కయే నేడు మీ ముందుంచెదను.

2013 అక్టోబరు 12వ తేది రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది మీకందరకు జ్ఞాపకమే. అవి దసరా రోజులు. పండుగ బేరముల కొరకు నా గిడ్డంగిని సరుకుతో నింపియుంటిని. సంవత్సరపు సగటు చూచి 12 లక్షలకు బీమా చేయించితిని. ఆ రాత్రి లోపలనున్న సరుకు 18 లక్షలది. పైరేకులు లేచిపోయి వాననీటిలో 6 లక్షల సరుకు పాడైపోయెను. 12 లక్షలకు బీమా ఉన్నది గదా, 6 లక్షలును చేతికి వచ్చునని ధైర్యముగ నుంటిని. సర్వేయరు వచ్చి, లెక్క వేసి, 4 లక్షలే యనెను. అందులోను పాలసీ షరతు ననుసరించి మరికొంత తగ్గెను. నేను చాల కోపగించితిని. తరువాత తెలిసినవారిచేత పాలసీ చదివించుకొంటిని. సరుకు విలువలో మూడింట రెండు వంతులకే బీమా చేసినవానికి నష్టములోను మూడింట రెండు వంతులే దక్కునట! మిగిలిన వంతునకు నేనే బీమా కంపెనీనని అర్థము. సర్వేయరు తప్పు లేదు. ఎనిమిదేండ్లుగ ఇనుపపెట్టెలో దాచిన కాగితమును, ఇంగ్లీషులో నున్నదని, ఒక్కనాడైనను విప్పి చూడని తప్పు నాది.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. బీమా యనగా పదిమంది తలా కొంత వేసికొని, కష్టము వచ్చిన ఒకనిని ఆదుకొనుట. వీథిలో ఒక ఇల్లు కాలినచో మిగిలిన ఇండ్లవారి ప్రీమియముతో ఆ నష్టము తీరును. కాని తుపాను ఒక ఇంటిని ఎంచుకొని రాదు. ఒక్క రాత్రిలో తీరమంతటిని పట్టుకొనును. అందువలన బీమా కంపెనీ తానే మరియొకరి వద్ద బీమా చేసికొనును. దీనిని పునర్బీమా యందురు. మన దేశములో జనరల్ ఇన్సూరెన్సు కార్పొరేషను ఈ పని చేయుచున్నది. ఆపైన స్విస్ రీ, మ్యూనిక్ రీ వంటి విదేశ సంస్థలు కలవు. కావున ఎక్కడో అమెరికాలో పెద్ద తుపాను కొట్టినచో, ఆ భారములో కొంత మన గిడ్డంగి ప్రీమియము మీదికి కూడ వచ్చి చేరవచ్చును.

వాతావరణము మారుచున్నదా లేదా యని కంపెనీలు వాదములు పెట్టుకొని కూర్చుండవు. అవి లెక్క చూచుకొనును. సముద్రజలము వేడెక్కుచున్నది, తుపానులలో తీవ్రమైనవాటి పాలు పెరుగుచున్నది, సముద్రమట్టము పెరుగుటచే ఉప్పెన ఒక మెట్టు పైనుండియే బయలుదేరును. మన పాలసీలు సాధారణముగ ఒక యేడాదివి. కనుక ప్రతి సంవత్సరము ధర మార్చుటకో, షరతు చేర్చుటకో, అసలు వలదనుటకో కంపెనీకి అవకాశమున్నది. మన ఇల్లు మాత్రము ఏడాదికొక చోటికి కదలదు.

ఇతర దేశములలో ఏమి జరిగినదో చూడుడు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను అమెరికాలోని ఫ్లోరిడాను కొట్టగా కంపెనీలకు సుమారు 1,550 కోట్ల డాలర్ల భారము పడెను. అనేక కంపెనీలు దివాలా తీసెను. మిగిలినవి ధరలు పెంచి, తీరమున క్రొత్త పాలసీలు తగ్గించుకొనెను. చివరకు 2002లో ఆ రాష్ట్రమే సిటిజన్స్ అను సంస్థను నెలకొల్పి, ఎవరును తీసికొనని ఇండ్లను తాను తీసికొనవలసి వచ్చెను. దానికి లోటు వచ్చినచో తీరమునకు దూరముగ నున్న పాలసీదారులును చెల్లింపవలసినదే.

బ్రిటనువారు 2016లో ఫ్లడ్ రీ అను ఏర్పాటు చేసిరి. గృహబీమా కంపెనీలన్నియు కొంత సొమ్ము వేయును. దానితో వరదభయము గల ఇండ్లకు అందుబాటు ధరకు బీమా దొరకును. కాని 2009 మొదలుకొని కట్టిన ఇండ్లకు ఈ సదుపాయము లేదు. 2039తో ఏర్పాటే ముగియును. పాతవారిని ఆదుకొందుము గాని, తెలిసి తెలిసి నీటిలో ఇల్లు కట్టువారికి కాదని దీని భావము. ఇది న్యాయమైన మాట యని నాకు తోచినది.

కరిబియను ప్రాంతమున 16 ప్రభుత్వములు 2007లో కలిసి వేరొక పద్ధతి పెట్టుకొనెను. గాలివేగము వంటి కొలతలనుబట్టి లెక్కగట్టిన నష్టము నిర్ణయించిన హద్దు దాటినచో, సర్వే కొరకు వేచియుండక, పదునాలుగు దినములలో సొమ్ము వచ్చును. లోపమేమన, ఆ లెక్క హద్దు దాటక నష్టము మాత్రము వచ్చిన యెడల చేతికి ఏమియు రాదు.

మన దేశమున 2007 వరకు అగ్నిబీమా ధరలు ఒక కమిటీ నిర్ణయించెడిది. తరువాత ధరలు కంపెనీల ఇష్టమునకు వచ్చినవి. 2021 ఏప్రిల్ 1 నుండి అన్ని కంపెనీలును అమ్మవలసిన మూడు పాలసీలు వచ్చినవి. ఇండ్లకు భారత్ గృహ రక్ష. ఒక్కచోట 5 కోట్ల వరకు గల వ్యాపారములకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. 5 నుండి 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. తుపాను, వరద వీటిలో చేరియున్నవి. గృహ రక్షలో నేను చెప్పిన కోత లేదు. వ్యాపార పాలసీలలో బీమా విలువ 15 శాతము వరకు తక్కువైనను కోయరు. అంతకు మించినచో నా కథయే మీ కథ యగును.

ఒక ముఖ్యమైన మాట. తుపానునకు బీమా గలదు గాని, సముద్రము కొంచెము కొంచెముగ నేలను తినివేయుటకు లేదు. తీరపు కోత పాలసీలో మినహాయింపబడినది. ఋషికుల్య మొగ దగ్గర పోడంపేటలో ఇండ్లు అలల పాలై, మత్స్యకార కుటుంబములు వేరు చోటికి తరలిపోయిన సంగతి మన జిల్లాలో ఎవరికి తెలియదు? అట్టివారికి ప్రభుత్వమే దిక్కు. బీమా ఉన్నది గదా యని సముద్రపు టొడ్డున స్థలము కొనదలచు యువకులు ఈ మాట గుర్తుంచుకొనవలయును.

కావున నా మనవులు మూడు.

మొదటిది: ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో అదే తేదిన, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చినవి. మన అంగళ్లలో సరుకు నిండుగ నుండు దినములును అవియే. సగటునకు బీమా చేయక, పండుగ సరుకునకు చేయుడు. లేదా సరుకు హెచ్చుతగ్గులను ఎప్పటికప్పుడు ప్రకటించు పద్ధతి అడుగుడు. చిట్టా ఆవర్జాల ప్రతులు వేరొక చోట దాచుడు. తడిసిన లెక్కకు విలువ లేదు.

రెండవది: నెలకొక ఆదివారము మన సంఘ భవనమున పాలసీలు చదివి తెలుగులో చెప్పు ఏర్పాటు చేయుదము. ఇంగ్లీషు రాని విధవరాలు, ఆఫీసులో మాటాడ జంకు ముసలివారు మనలో ఎందరో కలరు. అన్యాయము జరిగినచో మొదట కంపెనీకి వ్రాయవలెను. నెలలోపల జవాబు లేకున్నను, జవాబు సరిగ లేకున్నను, భువనేశ్వరములోని బీమా అంబుడ్స్‌మనునకు ఏడాదిలోపల వ్రాసికొనవచ్చును. ఖర్చు లేదు, వకీలు అక్కరలేదు.

మూడవది: మన భాషయే మాటాడు నోలియా సోదరుల పడవలు, వలలు చాలవరకు ఏ బీమాయు లేక యున్నవి. ఒక్కొక్కడు వెళ్లి అడిగినచో కంపెనీ వినదు. ఊరంతయు ఒక్కటిగ అడిగినచో వినవచ్చును. ఆ దరఖాస్తు వ్రాయు పని మన సంఘము చేపట్టవలయును. వారి చేపలతో మన బేరములు సాగుచున్నవి. వారి కష్టము మనది కాదనుట తగదు.

చివరి మాట. 1999 మహా తుపానులో ఈ రాష్ట్రమున దాదాపు పదివేలమంది పోయిరి. ఫైలిన్ నాడు సుమారు పదిలక్షలమందిని ముందుగనే తరలించుటచే మృతులు యాభైమందికి లోపే. ప్రాణములను కాపాడినది బీమా కాదు, ముందు జాగ్రత్త. బీమా ఆ జాగ్రత్తకు తోడు మాత్రమే. రేకులు బిగించుకొని, సరుకును నేలనుండి రెండడుగులు పైకెత్తి, ఆ తరువాత పాలసీ విప్పి చదువుకొనుడు. ఈ దసరా రాకముందే ఆ పని కావలయునని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.