విచారణలో ఒక వారం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 సంవత్సరాలు పూర్తి చేసుకొన్న ఈ శుభసందర్భంలో, మన యానాంలో కలిసిమెలిసి జీవిస్తున్న వివిధ మతస్థుల జీవనవిధానాన్ని పిల్లలకు పరిచయం చేయాలని ఉత్సవ సంఘం వారు సంకల్పించారు. అందులో కతోలిక క్రైస్తవుల వారపు జీవనాన్ని గురించి చెప్పవలసిందని నన్ను ఆదేశించారు. నేను ఆ సంఘంలో పుట్టి పెరిగినదానను గాని, వేదాంతం చదివినదానను కాను. అందుచేత మతసిద్ధాంతాల జోలికి పోక, ఒక వారం ఏ విధంగా గడుస్తుందో మాత్రమే మనవి చేస్తాను. ఆ వారంలో మన పాఠశాలకు, మనందరి బిడ్డలకు సంబంధించిన సంగతి ఒకటున్నది. దానిని తగిన చోట చెబుతాను.

ముందుగా ఒక మాటను పరిశీలిద్దాము. ఒక గురువు సంరక్షణలో, ఒక దేవాలయాన్ని ఆశ్రయించి ఉండే విశ్వాసుల సమూహాన్ని ఇంగ్లీషులో పారిష్ అంటారు. తెలుగు కతోలికులు దానిని ‘విచారణ’ అంటారు. ఆ గురువు విచారణ గురువు. తెలుగులో విచారించడమంటే ఆలోచించడమే కాదు, మంచిచెడ్డలు కనుక్కోవడం కూడా. ‘వచ్చి విచారించి వెళ్ళారు’ అని మనం అంటుంటాము. ఎవరింట జబ్బు ఉన్నదో, ఎవరి పిల్లవాడు బడి మానినాడో, ఎవరు రెండు వారాలుగా పూజకు రాలేదో కనుక్కోవడమే విచారణ. ఈ పేరు పెట్టిన పెద్దలు ఎవరో గాని, వారికి తెలుగు బాగా తెలుసు.

తెలుగుతో ఈ సంఘానికున్న అనుబంధం ఈనాటిది కాదు. 18వ శతాబ్దంలో మన తెలుగు సీమలలో పనిచేసిన ఫ్రెంచి గురువులు తెలుగును శ్రద్ధగా అభ్యసించారు. వారిలో గాస్టన్ కూర్డూ అనే ఆయన, 1691లో జన్మించి 1779లో పుదుచ్చేరిలో మరణించినవారు, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో నిఘంటువును కూర్చారు. సంస్కృతానికి, లాటిను గ్రీకు భాషలకు చుట్టరికమున్నదని 1767లోనే ఫ్రాన్సుకు వ్రాసి పంపిన పండితుడాయన. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యంగా రచించారు. మన యానాం 1954 వరకు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉన్నప్పటికీ, ఇక్కడి కతోలికుల ఇంటి ప్రార్థన తెలుగులోనే సాగింది.

గుడిలో జరిగే పూజ మాత్రం చాలాకాలం లాటిను భాషలో ఉండేది. మా అమ్మగారి చిన్నతనంలో గురువు పీఠం వైపు తిరిగి లాటినులో పూజ చేస్తుంటే, వెనుక స్త్రీలు తమకు వచ్చిన జపమాలను తెలుగులో చెప్పుకొనేవారట. 1962 నుండి 1965 వరకు రోమునగరంలో జరిగిన రెండవ వాటికన్ మహాసభ ఈ పద్ధతిని మార్చింది. 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధన శాసనం ప్రజల భాషలలో పూజకు తలుపు తెరిచింది. అటుపిమ్మట గురువు ప్రజల వైపు తిరిగారు. పూజ తెలుగులోకి వచ్చింది. “ఇన్నాళ్ళూ దేవుడికే అర్థమయ్యేది, ఇప్పుడు మనకూ అర్థమవుతున్నది” అని మా అమ్మ నవ్వుతూ అనేది.

ఇక వారం సంగతి. క్రైస్తవుల వారం ఆదివారంతో ప్రారంభమవుతుంది. క్రీస్తు మృతులలో నుండి లేచిన దినం గనుక అది ప్రభువు దినం. ఉదయం మొదటి గంట మోగేసరికి ఇళ్ళలో సందడి మొదలవుతుంది. రెండవ గంటకు చెప్పులు గుమ్మం వెలుపల విడిచి లోపల ప్రవేశిస్తారు. పూజలో రెండు ప్రధాన భాగాలున్నాయి. మొదటిది దివ్యవాక్కు, రెండవది దివ్యసత్ప్రసాదం. మొదటి భాగంలో పూర్వ నిబంధన నుండి సాధారణంగా ఒక పఠనం, ఆపై కీర్తన, అపొస్తలుల లేఖల నుండి రెండవ పఠనం, చివరగా సువిశేషం ఉంటాయి. సువిశేషం చదివేది గురువు లేదా డీకను. తక్కిన పఠనాలు చదివేది మనవంటి వారే. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, కళాశాల విద్యార్థులు, గృహిణులు.

ఈ పఠనాలు ఇష్టం వచ్చినట్లు ఎంచుకొనేవి కావు. 1969లో ఏర్పడిన క్రమం ప్రకారం ఆదివారపు పఠనాలు మూడు సంవత్సరాల చక్రంగా తిరుగుతాయి. ఒక సంవత్సరం మత్తయి, తరువాతి సంవత్సరం మార్కు, ఆ పైది లూకా. యోహాను సువిశేషాన్ని ముఖ్యంగా తపస్కాలంలోను, పాస్కా కాలంలోను వింటాము. ఆదివారం తప్పక వచ్చే మనిషి, అక్షరజ్ఞానం లేకపోయినా, మూడేళ్ళలో సువిశేషాల సారమంతా చెవితో చదివినట్లే. మా అమ్మ సంతకం చేయడం కూడా నేర్వలేదు. అయినా తప్పిపోయిన కుమారుని కథను ఆమె చెప్పినంత ఇంపుగా నేను నా తరగతిలో ఏనాడూ చెప్పలేకపోయాను.

ఆదివారం తరువాత వారం నెమ్మదిస్తుంది. ప్రతి ఉదయం పూజ ఉంటుంది గాని, వచ్చేది మఠకన్యలు, వృద్ధులు, పనికి పోయే ముందు ఒక్క క్షణం తలవంచి పోయే కష్టజీవులు. మంగళవారం పునీత అంతోనివారి పట్ల, బుధవారం నిత్యసహాయమాత పట్ల భక్తి చూపడం మన దేశంలో అనేక విచారణలలో ఉన్న ఆచారం. శుక్రవారం క్రీస్తు మరణించిన దినం. తపస్కాలపు శుక్రవారాలలో మాంసం మాని, పదునాలుగు స్థలాల సిలువమార్గం చేస్తారు. నెలలో మొదటి శుక్రవారం తిరుహృదయానికి అంకితం. శనివారం దేవమాతది. ఆ సాయంత్రం పాపసంకీర్తనం చేసేవారు ఒకవైపు, పాటలు అభ్యసించేవారు మరొకవైపు, గుడి ఊడ్చి పూలు అమర్చే స్త్రీలు ఇంకొకవైపు ఉంటారు.

ఇంటిలో వారాన్ని నడిపేది జపమాల. సోమవారం, శనివారం సంతోష దేవరహస్యాలు. మంగళవారం, శుక్రవారం దుఃఖ దేవరహస్యాలు. బుధవారం, ఆదివారం మహిమ దేవరహస్యాలు. 2002లో రెండవ జాన్ పాల్ పాపుగారు వెలుగు దేవరహస్యాలను చేర్చి, వాటికి గురువారాన్ని కేటాయించారు. పూర్వం ఇంటి గోడకు క్యాలెండరు లేని రోజులలో కూడా, ఈరోజు ఏ వారమో ఈ దేవరహస్యాలే చెప్పేవి. సంతోషం, దుఃఖం, మహిమ ఒకదాని వెంట ఒకటి వచ్చి పోతుంటాయని, ఏదీ ఒకచోట నిలిచిపోదని పిల్లలకు వేరే పాఠం చెప్పనక్కరలేదు.

వీటన్నిటి నడుమ కంటికి కనిపించని పని మరొకటి జరుగుతుంది. మంచం పట్టిన వారికి సత్ప్రసాదం ఇంటికి తీసుకొని వెళతారు. 1833లో పారిసు నగరంలో ఫ్రెడరిక్ ఓజనాం, ఆయన మిత్రులు ప్రారంభించిన విన్సెంట్ డి పాల్ సభ ఈనాడు అనేక విచారణలలో ఉన్నది. దాని సభ్యులు తమకు చేతనైనది పోగుచేసి, పేదల ఇళ్ళకు తామే స్వయంగా వెళ్ళి కుశలమడిగి వస్తారు. సహాయం పంపితే సరిపోదు, వెళ్ళి కూర్చోవాలి అన్నది వారి నియమం. విచారణ అన్న మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం లేదు.

ఇప్పుడు నేను మొదట వాయిదా వేసిన సంగతికి వస్తాను. ఇది చెప్పడం నాకు సులభం కాదు. అయినా ఈ సభలో చెప్పకపోతే మరెక్కడ చెప్పను?

తెలుగు మాధ్యమ పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉంటూ, నా కుమారుణ్ణి నేను ఇంగ్లీషు మాధ్యమంలో చదివించాను. ఒక నగరంలో, వసతిగృహం ఉన్న బడిలో చేర్చాను. అందరివలెనే నాకూ భయం, అందరివలెనే నాకూ ఆశ. తెలుగు ఇంట్లో మాట్లాడుతున్నాడు గదా, అక్షరాలు ఎప్పుడైనా నేర్చుకోవచ్చునని నాకు నేనే సర్దిచెప్పుకొన్నాను. ఆ ‘ఎప్పుడైనా’ రాలేదు.

మా అమ్మ కాలం చేసినప్పుడు భూస్థాపన పూజలో విశ్వాసుల ప్రార్థన మనుమడు చదివితే బాగుంటుందని పెద్దలు కోరారు. ముందు రాత్రి నేను చెప్పిన వాక్యాలను వాడు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్నాడు. పూజలో నిలబడి, తన అవ్వ కళ్ళు మూసేవరకు ఇతరుల కోసం ప్రార్థించిందని చదవవలసిన చోట, కాగితం మీది అక్షరాలను బట్టి ‘కళ్ళు’ను ‘కల్లు’ అని చదివాడు. ఇంగ్లీషు అక్షరాలలో ఆ రెండు మాటలకు తేడా ఏమున్నది? వెనుక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకొన్నారు. నేను వారిని తప్పు పట్టను. మన ఊరిలో ఆ మాట వినబడితే నవ్వకుండా ఉండడం కష్టమే. కాని జీవితమంతా జపమాల చేత బట్టుకొని గడిపిన తల్లి శవపేటిక ముందు, తెలుగు పంతులమ్మ కొడుకు నోట ఆ మాట విన్నప్పుడు, తలవంచుకోవలసినది వాడు కాదు, నేను.

ఆ రాత్రి వాడు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఊరందరి పిల్లలకూ నేర్పావు గదా, నాకెందుకు నేర్పలేదమ్మా?”

నా దగ్గర సమాధానం లేకపోయింది. మరుసటి సెలవులలో వాడు ఒకటవ తరగతి వాచకం పట్టుకొని నా ఎదుట కూర్చున్నాడు. మీసాలు వచ్చిన పిల్లవాడు గుణింతం వ్రాస్తుంటే చూడడం నాకు సిగ్గూ, సంతోషమూ రెండూను. అవ్వ ప్రథమ వర్ధంతి పూజలో మొదటి పఠనం తెలుగు పుస్తకంలోనే చూసి చదివాడు. నెమ్మదిగా చదివాడు. రెండు చోట్ల తడబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలను ఇంగ్లీషు నేర్పవద్దని నేను అనను. అనడానికి నాకు అర్హత లేదు. అనడం న్యాయమూ కాదు. ఉద్యోగం కోసం ఊరు దాటవలసిన పిల్లలకు ఇంగ్లీషు కావాలి. పుదుచ్చేరి పరిపాలనలో ఉండి, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్న మన చిన్న ఊరికి నాలుగు భాషలు వినడం కొత్త కాదు. నేను కోరేది ఒక్కటే. మాట్లాడడం వచ్చినంత మాత్రాన భాష వచ్చినట్లు కాదు. నలుగురి ఎదుట నిలబడి, నలుగురికీ అర్థమయ్యేటట్లు చదివి వినిపించగలిగితేనే భాష వచ్చినట్లు. గుడిలో పఠనం చదివేవాడు తన కోసం చదవడు. చదువురాని అవ్వ కోసం, చూపు మందగించిన తాత కోసం చదువుతాడు. వాడు తప్పు చదివితే నష్టపోయేది వారు.

ఈ అవసరం కతోలికులకు మాత్రమే ఉన్నదని అనుకోకండి. పురాణం చదివి వినిపించవలసిన ఇళ్ళున్నాయి. ఆసుపత్రి చీటీ, బ్యాంకు కాగితం, పొలం దస్తావేజు చదివి చెప్పమని మనుమలను బతిమాలే పెద్దలు ప్రతి వీధిలోను ఉన్నారు. ఆ పెద్దలకు మన పిల్లలు ఏమి సమాధానం చెబుతారు?

అందుచేత రెండు సంవత్సరాలుగా మన పాఠశాలలో ప్రతి శనివారం అరగంట బిగ్గర పఠనానికి కేటాయించాము. ఆరవ తరగతి మొదలు ప్రతి విద్యార్థి వంతు వచ్చినప్పుడు ఒక పుట చదివి వినిపించాలి. కథ కావచ్చు, పత్రికలో వార్త కావచ్చు, తన మతగ్రంథంలోని భాగమూ కావచ్చు. వినేవారు పుస్తకం చూడరాదు, చెవితోనే వినాలి. అర్థం కాకపోతే చేయి ఎత్తాలి. చదివేవారు మళ్ళీ చదవాలి. అంతే నియమం. మొదట్లో చేతులు చాలా లేచేవి. ఇప్పుడు తగ్గాయి.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం. ఈ ఉత్సవానికి మీరు కానుకలు తెచ్చారు, సంతోషం. మీలో వీలున్నవారు సంవత్సరానికి ఒక్క శనివారం మాకివ్వండి. వచ్చి పిల్లల నడుమ కూర్చొని వినండి. మీ పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోతే వారిని కూడా వెంట తీసుకురండి. వయసు మించిపోయిందని సంకోచించకండి. ఒకటవ తరగతి వాచకం మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మీరు వచ్చి విచారించి వెళితే ఈ బడి మరికొంత కాలం నిలుస్తుంది.