టీ వ్యాపారి రాసిన నిజం



వాణిజ్యశాస్త్రం చదివి ఈ రోజు పట్టా అందుకుంటున్న మీకు లండన్‌లోని ట్వైనింగ్స్ టీ కంపెనీ గురించి చెప్పాలని వచ్చాను. 1706లో థామస్ ట్వైనింగ్ స్ట్రాండ్ వీధి పక్కన ఒక కాఫీ హౌస్ కొన్నాడు. అక్కడే తేయాకు అమ్మకం మొదలుపెట్టాడు. ఆ తర్వాత పెట్టిన దుకాణం ఇప్పటికీ 216, స్ట్రాండ్‌లో ఉంది. సన్నని వాకిలి, పైన బంగారు రంగు సింహం, దానికి అటూ ఇటూ ఇద్దరు చైనా వర్తకుల బొమ్మలు.

నాకు ఆ కుటుంబంలో ఎక్కువ గౌరవం థామస్ మనవడు రిచర్డ్ మీద. అతని కాలంలో తేయాకు మీద పన్ను 119 శాతం. దాంతో దొంగరవాణా పెరిగింది, కల్తీ అంతకు మించి పెరిగింది. యాష్ చెట్టు ఆకులు ఎండబెట్టి, కాల్చి, నేల మీద పోసి కాళ్ళతో తొక్కి, అన్నభేది, గొర్రె పెంటికలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ ఎండబెట్టి టీ పేరుతో అమ్మేవారు. ఈ తతంగమంతా రిచర్డ్ 1785లో పుస్తకంగా అచ్చు వేయించాడు. తాను బతికే వ్యాపారం పరువు పోతుందని వెనక్కి తగ్గలేదు. అంతకు ముందే, లండన్ టీ వర్తకుల తరఫున ప్రధాని విలియం పిట్‌కు పన్ను తగ్గించమని నచ్చజెప్పాడు. 1784 చట్టంతో పన్ను 12.5 శాతానికి దిగింది. దొంగరవాణా కుప్పకూలింది, సక్రమంగా అమ్ముడైన టీ రెట్టింపు దాటింది. 1837లో విక్టోరియా రాణి ఆ కంపెనీని తన టీ సరఫరాదారుగా నియమించింది.

అయితే ఈ కథలో మన వాటా కూడా మీకు తెలియాలి. అప్పట్లో ఇంగ్లండు టీ అంతా చైనా నుంచే వచ్చేది. దానికి చెల్లించే వెండి కోసం ఈస్టిండియా కంపెనీ బీహారు, బెంగాల్ రైతుల చేత నల్లమందు పండించింది. ఆ సరుకు దొంగదారుల్లో చైనా చేరింది. లండన్ బల్లల మీద కప్పు నిండడానికి ఆ రైతులూ, చైనా ప్రజలూ వెల చెల్లించారు. ఏ బ్రాండు చరిత్ర చదివినా ఈ రెండో లెక్క కూడా తీసి చూడండి.

రేపు మీరు బ్యాంకుల్లో, ఆడిట్ ఆఫీసుల్లో, సొంత దుకాణాల్లో కూర్చుంటారు. బయటివాళ్ళకు కనపడని కల్తీ మీ కంటపడుతుంది. లోగుట్టు పెరుమాళ్ళకెరుక అని ఊరుకోకండి. రిచర్డ్‌లాగా వివరంగా రాసి, మీ పేరు పెట్టి, నలుగురిలో పెట్టండి.