కల్పాక్కం తీరమున అణువిద్యుత్తు

అణువిద్యుత్కేంద్రమును సముద్రపుటొడ్డున ఏల కట్టుదురని మనలో పలువురకు సందేహము కలుగుచుండును. ముఖ్యకారణము నీరు. చెన్నైకి దక్షిణమున, బంగాళాఖాతపు తీరమందున్న కల్పాక్కమును ఉదాహరణముగ గైకొందము.

అచట 220 మెగావాట్ల రియాక్టర్లు రెండు నిర్మింపబడినవి. 1984లో ఒకటి, 1986లో మరొకటి వినియోగములోనికి వచ్చినవి. తమిళనాడుతోపాటు మన తెలుగు రాష్ట్రములకును ఆ విద్యుత్తులో భాగము కల్పింపబడినది. రియాక్టరులో యురేనియం పరమాణువులు విచ్ఛిన్నమగుటచే వేడి పుట్టును. ఆ వేడిచే నీరు ఆవిరియై టర్బైనును త్రిప్పును. అయితే అందు మూడవ వంతునకు లోపే విద్యుత్తుగ మారును. మిగిలిన వేడిని తొలగించుటకు సముద్రజలము కావలెను. ఆ జలము రియాక్టరులోనికి పోదు. వేరు గొట్టములలో ప్రవహించి, ఆవిరిని చల్లార్చి, తిరిగి కడలి చేరును. ఉప్పునీటిని దినమునకు 63 లక్షల లీటర్ల మంచినీరుగ మార్చగల కర్మాగారమును కూడ అచట నెలకొల్పిరి.

ఇంత మేలు చేయు సముద్రమే 2004 డిసెంబరు 26న సునామీయై పైబడినది. పంపుహౌసులోనికి నీరు చొచ్చినది. నాడు పనిచేయుచున్న రెండవ రియాక్టరును వెంటనే నిలిపివేసిరి. రియాక్టరు నిలిచినను అందలి వేడి వెంటనే చల్లారదు. చల్లార్చు ఏర్పాటు నిరంతరము సాగవలెను. కల్పాక్కమున అది సాగినది. ముఖ్యభవనములు ఎత్తుననుండుటచే ముంపునకు గురికాలేదు. జపానులోని ఫుకుషిమాలో 2011 మార్చి 11న ఆ ఏర్పాటే తెగినది. సునామీ నీట జనరేటర్లు మునుగగా మూడు రియాక్టర్ల ఇంధనము కరిగిపోయినది.

కాని కల్పాక్కమున రియాక్టరు క్షేమముగ నిలిచిన ఆ ఉదయముననే, ఉద్యోగుల నివాసములపై అలలు పడి పలువురు ప్రాణములు కోల్పోయిరి. యంత్రమునకు కల్పించిన రక్షణ ఇండ్లకు లేకపోయెను.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ తీరమున ఆరు రియాక్టర్లు ప్రతిపాదింపబడియున్నవి. విద్యుత్తు మనకు అవసరమే. ఎన్ని మెగావాట్లు వచ్చునని అడుగునపుడే మరికొన్ని ప్రశ్నలను కూడ మనము అడుగవలెను. కెరటము లేచిన దినమున చుట్టుపట్ల జనము ఏ త్రోవన మెరకకు చేరుదురు? హెచ్చరిక వారికి ఎంత ముందుగ అందును? ఊరు విడువవలసిన బెస్తవారికి వలవేయుటకు ఏ రేవు దొరకును? పునాది త్రవ్వుటకు ముందే వీనికి సమాధానములు ఆ ఊరివారికి తెలియవలెను.