పాత రథమునకు క్రొత్త ఇరుసు

(జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



ఆలయ జీర్ణోద్ధరణము పూర్తియై, విమానముపై కలశములు నిలిచి, కుంభాభిషేకము జరిగిన ఈ శుభవేళ అందరి నోట గోపురము మాటయే వినబడుచున్నది. నేను మాత్రము రథశాలలోని రథమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని. ఈ పనులన్నిటిలో ఎక్కువ వాదము నడచినది దానిని గూర్చియే. ఒకప్పుడు అట్టి వాదములో తప్పువైపు నిలిచినవాడను గనుక, ఈ మాట చెప్పవలసిన బాధ్యత నాకు కలదు.

రథోత్సవము మన సీమవారికి ప్రాణము. జమ్మలమడుగున నారాపుర వేంకటేశ్వరస్వామి, పులివెందులలో రంగనాథస్వామి, రథసప్తమినాడు దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరస్వామి రథమెక్కి వీధులకు వేంచేయుదురు. ప్రొద్దుటూరు దసరా మెరవణి సంగతి మీకు వేరుగా చెప్పనక్కరలేదు. గుడిదాకా నడువలేని వృద్ధులు తమ వాకిటనే కూర్చుండి దర్శించుకొందురు. భక్తుని కొరకు భగవంతుడే బయలుదేరి వచ్చు ఉత్సవమిది.

మన రథము తాతల నాటిది. పైభాగమునందలి కొయ్యశిల్పములు ఇప్పటికిని చక్కగా ఉన్నవి. కాని ఇరుసు ఒకవైపు నెఱ్ఱె విచ్చినది. చక్రముల ఆకులు కొన్ని కదలుచున్నవి. ఉక్కు ఇరుసు వేసి, చక్రములకు బ్రేకు అమర్చవలెనని పనివారు చెప్పిరి. “ఇరుసు మారిన పిమ్మట అది పాత రథమెట్లగును?” అని కొందరు పెద్దలు అడిగిరి. ఆ ప్రశ్నను చులకన చేయరాదు. ఒకనాడు ఆ ప్రశ్న వేసినవాడను నేనే.

సుమారు 30 ఏండ్ల క్రిందట, నేను అర్చకత్వము చేయుచుండిన వేఱొక గ్రామమున ఇటువంటి ఇరుసే నెఱ్ఱె విచ్చినది. మార్చవలదని నేను పట్టుబట్టితిని. ఇనుప పట్టీ బిగించిన చాలుననియు, స్వామి రథమును స్వామియే కాచుకొనుననియు అంటిని. ఆ యేట రథము పల్లమున దిగునపుడు ఇరుసు విరిగి ఒక ప్రక్కకు ఒరిగినది. చక్రము క్రింద అడ్డుచెక్క వేయుచున్న యువకుని కాలు నలిగినది. ప్రాణము దక్కెను గాని కాలు దక్కలేదు. మరునాడు వారి యింటికి వెళ్ళితిని. ఆతని తల్లి నన్నొక్క మాటయు అనలేదు. “దేవుని పనిలోనే పోయింది లే సామీ” అనినది. ఆ మాట నన్ను ఈనాటికిని నిద్రపోనీయదు. ఆమె భక్తికి కొఱత లేదు. కొఱతపడినది నా వివేకము.

పిమ్మట శాస్త్రమును మరల తిరుగవేసితిని. బింబములకు అంగములు, ఉపాంగములు అను విభాగము కలదు. కాలు, చేయి వంటి ప్రధానాంగము భగ్నమైనచో ఆ బింబమును విడువవలెను. ఆభరణము వంటిది దెబ్బతినినచో బాగుచేసికొనవచ్చును. రథమునకు ఇరుసు, చక్రములు ప్రధానాంగములు. నెఱ్ఱె విచ్చిన ఇరుసుకు పట్టీ వేసి నడుపుమని ఏ శాస్త్రమును చెప్పలేదు. ఆ పట్టీ వేయించినది నా పట్టుదలయే.

అగ్నిపురాణము జీర్ణోద్ధరణాధ్యాయమున, జీర్ణించిన బింబమును తొలగించి, అదే ద్రవ్యముతో, అదే ప్రమాణముతో క్రొత్తది ప్రతిష్ఠింపవలెనని కలదు. “అట్లయిన కొయ్యకు మారుగా ఉక్కు ఏల?” అని మీరు అడుగవచ్చును. ఆ నియమము పూజలందుకొను బింబమునకు చెప్పబడినది. రథము స్వామిని మోయు వాహనము. కొయ్యచక్రమునకు ఇనుప పట్టా తొడిగిన మన తాతలు ఇనుమును పరాయిదిగా ఎంచలేదు. తమ కాలమున దొరకిన గట్టిదానిని బరువు పడుచోట వాడిరి. ప్రమాణమును మాత్రము మేము దాటలేదు. చక్రముల ఎత్తును, స్వామి ఆసనము ఎత్తును వెనుకటి కొలతలకే సరిపోవునట్లు చేయించితిమి.

పురాణము మాట చెప్పవలెనన్న, త్రిపుర సంహారమునకు బయలుదేరిన పరమేశ్వరుని రథమునకే ఇరుసు విరిగినదని తమిళనాడులోని అచ్చిరుపాక్కం స్థలపురాణము. తొలుత విఘ్నేశ్వరుని పూజింపకపోవుటయే కారణమట. శివుడంతటివానికి తప్పనిది మనకు తప్పునా? బయలుదేరుటకు ముందే విఘ్నమును తలచుకొనుట వినాయక పూజ. ఇరుసును పరీక్షించుటయు అందులోనిదేయని నేననుకొందును.

పూరీలో జగన్నాథుని నందిఘోషమునకు 16 చక్రములు, బలభద్రుని తాళధ్వజమునకు 14, సుభద్ర దర్పదళనమునకు 12. మూడు రథములను ఏటేట క్రొత్త కొయ్యతో నిర్మింతురు. అయినను అది వేఱు నందిఘోషమని ఎవ్వరును అనరు. పేరు, కొలత, విధి అవే గనుక రథమును అదే. ఇక హంపి విఠలాలయమునందలి రాతి రథమును చూడుడు. అరిగిపోకుండ దాని చక్రములను కదలకుండ బిగించినారు. చూచుటకు అది అద్భుతము, కాని అది స్వామిని మన వాకిటికి తీసికొనిరాదు. నడువవలసిన రథమునకు నడకకు తగిన బలము కావలెను. 96 అడుగుల ఎత్తు, సుమారు 300 టన్నుల బరువు గల తిరువారూరు త్యాగరాజస్వామి రథమునకు తిరుచిరాపల్లి భెల్ కర్మాగారము వారి ఇనుప ఇరుసులు, హైడ్రాలిక్ బ్రేకులు ఉన్నవి. వాటివలన ఆ రథము మహిమ తగ్గినదని ఎవ్వరును అనలేదు.

బెంగుళూరులో పాత కార్లను పునరుద్ధరించు వృత్తిలోనున్న మన భక్తుడొకరు ఒక సంగతి చెప్పిరి. ఏబది, అరువది ఏండ్ల నాటి కారును పోటీకి పెట్టినపుడు రంగు, దీపములు, మరలు సైతము మొదటివేనా యని పరీక్షించి, కానివాటికి మార్కులు తగ్గింతురట. అయినను టైర్లు, బ్రేకు గొట్టములు, సీటు బెల్టులు వంటి ప్రాణరక్షణ భాగములు క్రొత్తవైనచో అనేక పోటీలలో తగ్గింపరట. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ 2013లో ప్రకటించిన ట్యూరిన్ నియమావళియు ఇట్లే చెప్పుచున్నది. రక్షణకై చేయు మార్పు స్వల్పముగా ఉండవలెను, మరల తీసివేయుటకు వీలుగా ఉండవలెను, తీసిన ముఖ్య భాగములను భద్రపరుపవలెను. కారును ప్రేమించువారికే ఇంత నియమమున్నప్పుడు, స్వామి రథమును ప్రేమించు మనకు ఉండవలదా?

కావున మన రథమునకు ఈ నియమములనే పాటించితిమి. ఉక్కు ఇరుసు, బ్రేకు క్రొత్తవి. కొయ్యశిల్పములను మార్చలేదు. ఎనామిలు రంగు పూసినచో సన్నని గీతలు పూడిపోవునని, వాటిని శుభ్రపరచి నూనె మాత్రము పట్టించితిమి. తీసిన పాత ఇరుసును అమ్మలేదు. అది రథశాలలోనే ఉన్నది. ఏ భాగము ఎప్పుడు మారినదో రాతిపలకపై చెక్కించితిమి. క్రొత్తదానిని పాతదని చెప్పుట అసత్యము. స్వామి సన్నిధిలో అసత్యమునకు చోటు లేదు. పిమ్మట పుణ్యాహవాచనము, హోమము, సంప్రోక్షణము యథావిధిగా జరిపితిమి. నమకము నాలుగవ అనువాకమున వడ్రంగులకును, రథకారులకును వేదమే నమస్కరించుచున్నది. ఈ పని చేసిన చేతులకు నా నమస్కారము.

ఇరుసు ఒక్కటియే చాలదు. 2022 ఏప్రిల్ 27న తంజావూరు సమీపమున కళిమేడులో రథము విద్యుత్తీగకు తగిలి 11 మంది మరణించిరి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపురమున కృష్ణాష్టమి శోభాయాత్రలో అట్లే ఐదుగురు పోయిరి. మన రథము అలంకరణ వీధి తీగల ఎత్తును మించరాదు. రథము కదలునపుడు ఆ వీధికి విద్యుత్తును నిలుపవలెను. చక్రముల చెంతకు పిల్లలను రానీయరాదు. బ్రేకు ఉన్నను అడ్డుచెక్కల పని తీరదు. మలుపు త్రిప్పునది ఆ చెక్కలే. ఆ పని అనుభవజ్ఞులే చేయవలెను.

ఆనాటి యువకుని కుంభాభిషేకమునకు ఆహ్వానించితిని. ఇప్పుడాతనికి ఏబది దాటినవి. ఊతకర్రతో వచ్చి, రథము క్రిందికి వంగి చాలసేపు చూచెను. “ఈ బ్రేకు ఎవరు పడతారు సామీ?” అని అడిగెను. మాలో ఎవరికిని ఆ ప్రశ్న తోచలేదు. ఇద్దరిని ఎంచి, ఖాళీ రథముపై అభ్యాసము చేయించుటకు ఆనాడే నిశ్చయించితిమి. ఆ ఇద్దరికి నేర్పునపుడు దగ్గరుండుమని ఆతనిని కోరితిని. అంగీకరించెను.

రాబోవు రథోత్సవమున మోకు పట్టుటకు మీరందరును తరలిరండు. పట్టుటకు ముందు రథశాలకు వచ్చి పాత ఇరుసును ఒకమారు చూడుడు. మోకు పట్టిన ప్రతివాడును తన కాళ్ళతో ఇల్లు చేరవలెనని స్వామిని ప్రార్థించుచున్నాను.

స్వస్తి.