సూపర్ కంప్యూటరులు – వ్రాయసకాని కష్టము



ఈ రజతోత్సవ సభలో కావ్యములను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరిరి. కావ్యములను గూర్చి చెప్పువారు మనలో పెక్కురు కలరు. నేను లెక్కల మనిషిని గనుక, లెక్కలు చేయు మహాయంత్రములను గూర్చియు, వానిచే పని చేయించుటలోని కష్టమును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

యంత్రమెంత వేగము గలదైనను, ఏ పని పిదప ఏ పని చేయవలెనో మనుష్యుడు వ్రాసి యీయవలెను. ఆ వ్రాతకే ప్రోగ్రామని పేరు. 1976లో సేమర్ క్రే అను అమెరికా దేశీయుడు నిర్మించిన క్రే-1 యంత్రమున లెక్క యంతయు ఒక్క బలమైన ప్రాసెసరే చేసెడిది. తరువాతివారు వేలకొలది చిన్న ప్రాసెసరులను ఒక్క కాడికి కట్టిరి. పొలము దున్నుటకు రెండు యెద్దులు కావలెనా, వేయి కోళ్లు కావలెనా యని క్రే పరిహసించెనని చెప్పుదురు. తుదకు కోళ్లే గెలిచినవి. కాని వానిని ఒక్క చాలున నడపుట వ్రాయసకాని నెత్తిపై బడినది.

మన చిట్టాయే చూడుడు. నూరు పుటలు, పుటకు నలువది పద్దులు. ప్రతి పద్దునకును నిలువ తేల్చవలెనన్న పై పద్దు నిలువ తెలియవలెను. ఒక్కడు చేసిన 4,000 కూడికలు. నూరుగురికి తలకొక పుట పంచినచో తొంబదితొమ్మండుగురు ఊరక కూర్చుందురు. అనుభవజ్ఞుడైన గుమాస్తా యేమి చేయును? ప్రతివాడును తన పుటను సున్న నుండి కూడుమనును. అది నలువది కూడికల కాలము. ఆ నూరు మొత్తములను తానొక్కడే వరుసగా కూడి ప్రతి పుటకును ప్రారంభపు నిలువ చెప్పును, అది నూరు. పిదప ఎవరి పుటలో వారు ఆ నిలువను కలుపుకొందురు, మరల నలువది. వెరసి 180. నూరుగురు పనిచేసినను కలిగిన లాభము ఇరువదిరెండు రెట్లే! నడుమ ఒక్కడే చేయవలసిన పని తక్కినవారి వేగమునకు హద్దు విధించుననునదే 1967లో జీన్ ఆమ్డాల్ అను ఇంజనీరు చూపిన విషయము. పైగా ఈ పుటల ఉపాయము చాలమారులు యంత్రమునకు దానంతట తోచదు, వ్రాయువానికి తోచవలెను.

విడదీయుటకు అనువైన పనియు కలదు. నన్నయ అరణ్యపర్వమును నడుమ విడువగా, తిక్కన సోమయాజి ఆ లోటు తీరువరకు వేచియుండక విరాటపర్వము నెత్తుకొనెను. నడిమి భాగమును పిదప ఎఱ్ఱన పూరించెను. సంస్కృత మూలము మువ్వురి ముందును ఉన్నది గనుక ఒకరికై యొకరు కాచుకొనవలసిన పని లేకపోయెను.

ఇక 2008లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో రోడ్‌రన్నర్ అను యంత్రము సెకనుకు ఒక పెటాఫ్లాపు, అనగా పది కోట్ల కోట్ల లెక్కలు మొదటిసారి చేసినది. అందులో మూడు తెగల ప్రాసెసరు భాగములుండుటచే ఒక్క పనికి మూడు విధముల వ్రాత కావలసివచ్చెను. లెక్క చేయు చిన్న భాగమునకు 256 కిలోబైట్ల సొంత జ్ఞాపకస్థానమే కలదు. దానికి విస్తరి వేయుట, వడ్డించుట, ఎత్తివేయుట సమస్తమును వ్రాయసకాడే చెప్పవలెను. 2013లో దానిని మూసివేసిరి.

జపానువారు మరియొక త్రోవ పట్టిరి. 2020లో కోబే నగరమున నెలకొల్పిన ఫుగాకును, ప్రోగ్రాములు వ్రాయు శాస్త్రజ్ఞులతో కూర్చుండి రూపొందించిరి. 1,58,976 ప్రాసెసరులు, అన్నియు ఒక్క తెగవే. నా మనస్సు ఈ త్రోవకే మ్రొగ్గును. అయినను ఖర్చు కూడ పద్దు వేయవలెను గదా! ఫుగాకు సుమారు 30 మెగావాట్ల విద్యుత్తుతో 442 పెటాఫ్లాపుల వేగము చూపెను. 2022లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో వెలసిన ఫ్రాంటియర్, బొమ్మలు గీయుటకై పుట్టిన గ్రాఫిక్సు ప్రాసెసరులను చేర్చుకొని, సుమారు 21 మెగావాట్లతోనే 1,102 చూపెను. మెగావాట్టునకు అచ్చట 15, ఇచ్చట 52. కావున యంత్రములు ఇంకను చిక్కుపడుననియే నా యంచనా. సుళువు వ్రాత వైపునుండి రావలెను.

దానికి దారి కనబడినది. స్విట్జర్లాండు వాతావరణశాఖ తన ప్రోగ్రామునందు శాస్త్రజ్ఞుని సమీకరణములను వేరుగను, యంత్రపు మర్మములను వేరుగను వ్రాయించి, 2016 నుండి గ్రాఫిక్సు ప్రాసెసరులపై దినదినము సూచనలు వెలువరించినది. యంత్రము మారినచో సమీకరణముల జోలికి పోనక్కరలేదు.

ఇది మన కెందుకందురేమో! పూనాలో 2024లో ‘అర్క’ అను యంత్రమును నెలకొల్పిరి. 2025లో మన దేశపు వాతావరణ సూచన 12 కిలోమీటర్ల గడి నుండి 6 కిలోమీటర్ల గడికి దిగినది. గడి పొడవు వెడల్పులు సగమైన గడులు నాలుగు రెట్లు. కాలపు అంగయు సగము చేయవలెను. వెరసి లెక్క ఎనిమిది రెట్లు. మన ఊరిమీద కురియు వానను పొరుగూరి వానతో కలుపక చెప్పవలెనన్న 3 కిలోమీటర్లు కావలెను. మరల ఎనిమిది రెట్లు. అంత లెక్కను వేల ప్రాసెసరులకు పంచి వ్రాయువారు కావలయును.

మన గ్రంథాలయమున ప్రోగ్రాము వ్రాతను గూర్చి తెలుగు పుస్తకమొక్కటియు లేదు. ఈ యేడు కొనదలచిన పుస్తకముల పట్టీలో దానికొక వరుస విడువవలసినదిగా కార్యదర్శిగారిని కోరి విరమించుచున్నాను.