చదువుటలో తడబడు బిడ్డ దోషి కాడు

(ఒక పఠనమందిరపు సభలో చేసిన ఉపన్యాసము)



పత్రికలను, గ్రంథములను చదువుకొనుటకై సాయంకాలములందు ఈ మందిరమునకు విచ్చేయు మీ యెదుట, చదువలేక బాధపడు బిడ్డలనుగూర్చి మాటాడ నెంచితిని. అక్షరముపై కన్ను పడినంతనే అర్థము స్ఫురించు మనకు ఆ బిడ్డల కష్టము సులభముగా తెలియదు. నాకును తెలియలేదు. తెలియకపోవుటచేత నేనొక యపరాధము చేసితిని. ముందుగా దానినే విన్నవించుకొందును.

కొన్ని యేండ్ల క్రిందట, కోర్టుపని ముగిసిన పిదప, మిత్రులతో కలిసి మా పేటలో సాయంకాలపు బడి నడుపుచుంటిని. నాలుగవ తరగతి బాలుడొకడు వచ్చెడివాడు. ఒకమారు విన్న పద్యమును తప్పులేక అప్పగించెడివాడు. తండ్రి కూరగాయల అంగడిలో చిల్లర లెక్క నోటితోనే తేల్చెడివాడు. పుస్తకము తెరచినచో మాత్రము ‘భ’ను ‘బ’ యనును, వత్తును విడిచిపెట్టును, తొలి అక్షరము చూచి తక్కినది ఊహించి చెప్పును. నేను దానిని సోమరితనమనుకొంటిని. అందరియెదుట నిలువబెట్టి ఒకే వాక్యమును పదిమారులు చదివించితిని. తోడిబాలురు నవ్విరి. మరునాటినుండి వాడు రాలేదు. విచారణ లేకయే శిక్ష విధించు న్యాయాధిపతిని మేము న్యాయవాదులము సహింపము గదా! ఆనాడు నేనే అట్టి న్యాయాధిపతి నైతిని.

పిదప నేను తెలిసికొన్న సంగతులివి. 1896వ సంవత్సరమున ప్రింగిల్ మార్గన్ అను ఆంగ్లవైద్యుడు పదునాలుగేండ్ల బాలు నొకనిగూర్చి వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ బాలుని చూపు మంచిది, బుద్ధి చురుకైనది, లెక్కలు బాగుగ వచ్చును. చదువు మాత్రము పట్టుబడలేదు. పాఠమంతయు నోటిమాటగా సాగినచో వీడే బడిలోనెల్ల మేటి యగునని వాని యుపాధ్యాయుడే చెప్పెనట. నా బాలుడును అచ్చముగ వాని వంటివాడే! ఈ లోపమునకు నేడు డిస్లెక్సియా యని పేరు. ఇది కంటిలోపము కాదు, బుద్ధిమాంద్యము కాదు, సోమరితనము అంతకన్న కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వానిని అక్షరములతో ముడివేయుటలో కలుగు చిక్కు. పెక్కు కుటుంబములలో ఇది తరతరములుగ వచ్చుచుండును. దీనిని పోగొట్టు మందు లేదు. తగిన బోధన మాత్రము కలదు.

పలికినట్లే వ్రాయబడు తెలుగున ఈ చిక్కు ఉండదని కొందరందురు. అది పొరపాటు. మన గుణింతపు గుర్తులు హల్లునకు తలపైని, ప్రక్కను, అడుగునను చేరును. వత్తులు వేరుగ నుండును. ‘స్త్రీ’ యను నొక్క యక్షరమున నాలుగు ధ్వనులు కలవు. అట్టి బిడ్డ కూడబలుకుకొని వాక్యము చివరకు చేరునప్పటికి మొదలు మరచిపోవును. ఇంటిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయినచో కష్టము ఇబ్బడియగును. ఐనను తడబడు ప్రతి బిడ్డయు ఈ కోవకు చెందినవాడని తలపరాదు. ముందుగా చూపును, వినికిడిని పరీక్షింప జేయవలెను; పాఠము సరిగా చెప్పబడినదా యనియు విచారింపవలెను.

ఇక చట్టము మాట. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బిడ్డను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఈ లోపమును తన పట్టికలో చేర్చి, ప్రభుత్వము నిధులిచ్చు లేక గుర్తించు పాఠశాలలు దీనిని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన చేయునట్లు చూడవలెనని శాసించినది. పరీక్షలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సౌకర్యములను పేర్కొన్నది. అయినను 2021లో సుప్రీముకోర్టు ముందుకు ఒక విద్యార్థిని వ్యాజ్యము వచ్చెను. వ్రాతలోపము గల ఆమెకు వైద్యవిద్యా ప్రవేశపరీక్షలో రావలసిన గంటకాలము ఈయలేదు. న్యాయస్థానము ఆ తప్పిదమును ఎత్తిచూపెను. కాని పరీక్షను మరల జరిపింపలేదు. పోయిన గంటను తీర్పు తిరిగి తేజాలదు. కావున హక్కును కోర్టులో గాక తరగతిగదిలోనే నిలుపవలెను.

ఎట్లు? మాటను ముందు నోటితో విడగొట్టించుడు: తా, ళ, ము. అక్షరమును పలుకుచు ఇసుకలో వ్రేలితో దిద్దించుడు. 1930వ దశకమున అమెరికాలో ఆర్టన్ అను వైద్యుడును, గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు ఈ బిడ్డలకై, చెవి, కన్ను, చేయి కలిసి పనిచేయు బోధనాక్రమమును రూపొందించిరి. మన వీధిబడులందును పలుకుచు ఇసుకలో దిద్దించు వాడుక ఉండెడిది. అందుకు గర్వింపవచ్చును, కాని ఆ బడులందే కోదండమును ఉండెడిదని మరువరాదు. ఇసుకను నిలుపుకొందము, కోదండమును విడుతము. బిడ్డతో కలిసి మెల్లగా చదువుడు, నలుగురియెదుట చదివింపకుడు, వ్రాయలేనిదానిని నోట అడుగుడు, తొందరపెట్టకుడు.

కడకు నేను ఆ బాలుని తండ్రి యంగడికి పోయి క్షమాపణ కోరితిని. “మావాడు మొద్దండీ, లాయరుగారూ! మీ తప్పేముంది?” అని యతడనెను. బాలుడు తల వంచుకొనెను. నా జీవితమున అంతకన్న కఠినమైన తీర్పును నేను వినలేదు. ఎన్నో దినములు బతిమాలగా వాడు మరల వచ్చెను. నేటికిని నెమ్మదిగనే చదువును, కాని చదువును.

సోదరులారా! ‘మొద్దు’ అను మాటను మన యిండ్లనుండియు, బడులనుండియు వెడలగొట్టుడు. చదువు వచ్చిన మనము వారమునకు రెండు సాయంకాలములు, గంటచొప్పున, ఈ మందిరముననే అట్టి బిడ్డల ప్రక్కను కూర్చుందము. నా పేరు మొదట వ్రాసికొనుడు. రెండవ పేరు మీలో ఎవరిదో చెప్పుడు.