నారికురుపు నేర్పిన పాఠము



పూర్వము మన దిగుడుబావుల నాశ్రయించియుండిన నారికురుపునకు నేటికిని మందు లేదు, టీకా లేదు. రోగి బావిలో దిగగా పుండునుండి పురుగు పిల్లలు నీటిలో కలియును. కంటికి అంతగా కానరాని నీటిపురుగులు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవారికి ఏడాది గడచునప్పటికి రెండు మూరల పురుగు చర్మమును చీల్చుకొని వెలువడును.

1986 నాటికి ఏటా 35 లక్షలమందిని బాధించెనని అంచనా వేయబడిన ఈ వ్యాధి మన దేశమున 1996తో అంతరించినది. 2024లో ప్రపంచమంతటను 15 మందికే సోకినది.

త్రాగునీటిని గుడ్డతో వడగట్టుట, పుండుతో నీట దిగకుండుట, దిగుడుబావులకు బదులు చేతిపంపులు – దీనిని జయించినవి ఇవియే. తెలిసినవారు తెలియనివారి గడపకు పోయి చెప్పిరి. గ్రంథాలయము చేయవలసిన పనియు అదియే. ఇచ్చట చదివినదానిని చదువురాని పొరుగువారికి వినిపింపుడని నా మనవి.